నూరేళ్ళు దాటినవారు – రిజిస్టర్లు చెప్పే నిజాలు



మన ఇళ్ళలో చిన్నవాళ్ళు కాళ్ళకు దణ్ణం పెడితే పెద్దల నోట మొదట వచ్చే మాట ‘నూరేళ్ళు చల్లగా ఉండు’ అనేదే. ఒకప్పుడు అది దీవెనగానే మిగిలిపోయేది. ఇప్పుడు ఎనభై, తొంభై దాటిన సభ్యులు మన సంఘ సమావేశాలకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటున్నారు. కనుక ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగానే, ప్రపంచంలో అందరికంటె ఎక్కువకాలం జీవించినవారి చరిత్ర చెబితే బాగుంటుందనిపించింది.

ఈ విషయంలో ప్రశ్నలు మూడు. ఎవరు అంతకాలం బ్రతికారు? బ్రతికారని మనకెలా తెలుసు? వారినుంచి మనం నేర్చుకోదగినదేమిటి? నేను ముప్పై నాలుగేళ్ళు రికార్డుల మధ్య ఉద్యోగం చేసినవాణ్ణి. అందువల్ల నాకు రెండవ ప్రశ్నే ముందు కావాలి. కాగితం లేనిదే ఫైలు కదలదు గదా!

రాజుగారిని చూసిన ముసలివాడు

1635లో ఇంగ్లండులో థామస్ పార్ అనే పల్లెటూరి వృద్ధుణ్ణి ఒక ప్రభువు లండనుకు తీసుకువచ్చి మొదటి ఛార్లెస్ రాజు ఎదుట నిలబెట్టాడు. ఆయన వయస్సు 152 ఏళ్ళని చెప్పారు. ఊరంతా తండోపతండాలుగా వచ్చి చూసింది. కాని ఆయన కొద్ది వారాలకే, ఆ నవంబరులోనే కన్నుమూశాడు. శరీరంలో రక్తప్రసరణను వివరించిన మహా వైద్యుడు విలియం హార్వే స్వయంగా శవపరీక్ష చేసి, పల్లె గాలికి, సాదా తిండికి అలవాటుపడిన మనిషికి లండను పొగ, రాజభోజనం పడలేదని అభిప్రాయపడ్డాడు. పార్‌ను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, రాజులూ కవులూ ఉన్నచోట సమాధి చేశారు.

అంతా బాగానే ఉంది గాని, 152 ఏళ్ళకు ఆధారమేమిటి? ఇంగ్లండులో చర్చిలు పుట్టుకలను, చావులను పుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టిందే 1538లో. పార్ పుట్టాడని చెప్పిన సంవత్సరం 1483. అంటే ఆధారం ఆయన మాటే. దాదాపు రెండున్నర శతాబ్దాల తరవాత, 1873లో, విలియం థామ్స్ అనే గ్రంథాలయాధికారి ఇలాంటి కథలన్నిటికీ రుజువులు అడుగుతూ ఒక పుస్తకం వ్రాశాడు. ‘ఫోక్‌లోర్’ అనే మాటను 1846లో ఇంగ్లీషుకు ఇచ్చినవాడూ ఆయనే. జానపద కథను ప్రేమించిన మనిషే, ఇది కథ, ఇది లెక్క అని వేరుచేసి చూపడం గమనించదగ్గ విషయం.

గాలివాన గుర్తుందా?

వయస్సుకు కాగితం ఎప్పుడు అవసరమైంది? ముఖ్యంగా పింఛను వచ్చాక. బ్రిటిష్ ప్రభుత్వం 1908లో చట్టం చేసి, 1909 జనవరి 1 నుంచి డెబ్బై నిండిన పేదవారికి వారానికి అయిదు షిల్లింగుల దాకా ఇవ్వసాగింది. ఐర్లండులో చిక్కు వచ్చింది. అక్కడ జననాలన్నిటినీ ప్రభుత్వ రిజిస్టరులో వ్రాయడం 1864లో గాని మొదలుకాలేదు. మరి డెబ్బై నిండాయని తెలిసేదెట్లా? 1839 జనవరి 6 రాత్రి ఆ దేశాన్ని ఒక పెద్ద గాలివాన ఊపేసింది. ‘ఆ గాలివాన మీకు గుర్తుందా?’ అని అడగడం పింఛను అధికారులకు ఒక పద్ధతి అయింది. గుర్తుందని చెప్పినవారు బోలెడుమంది తేలారు. ఆ గాలివానకు పుట్టనివారికి కూడా అది బాగా గుర్తుండి ఉంటుంది!

మనకు నవ్వు రావచ్చు గాని, మన సంగతి మాత్రం ఏమంత వేరు? మా అమ్మ నా వయస్సును తుఫాను లెక్కలోనే చెప్పేది. కృష్ణా తీరంలో నేటికీ 1977 దివిసీమ ఉప్పెనకు ముందు, తరవాత అని లెక్క కట్టేవారున్నారు. తెలంగాణ పెద్దలు 1948 పోలీసు చర్య నాటికి నేనింత ఎత్తున్నాను అని చేయి పెట్టి చూపిస్తారు. మన దేశంలో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకు ముందు పల్లెల్లో పుట్టినవారిలో చాలామందికి తేదీ ఇచ్చింది తల్లి కాదు, బడిలో వేసుకున్న పంతులుగారు. మన సభ్యుల సర్వీసు రిజిస్టర్లు తిరగేస్తే జూలై 1న పుట్టినవారు ఎంతమందో చూడండి! జనాభా లెక్కలవారికీ ఇది తెలిసిన సంగతే. వయస్సు అడిగితే అరవై, డెబ్బై అయిదు అంటూ సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకెలు చెప్పేవారే ఎక్కువ.

కొండల్లో యువకులు

మా చిన్నతనంలో సోవియట్ పత్రికలు తెలుగులో చవకగా వచ్చేవి. బొమ్మలు చూసి, ఆ నున్నటి కాగితాలతో పాఠ్యపుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్ళం. సోవియట్ ప్రభుత్వం కాకసస్ కొండల శతాధిక వృద్ధుల గురించి ఎంతో గర్వంగా ప్రచారం చేసేది. 148 ఏళ్ళ వాడంటూ మహమూద్ ఐవజోవ్ అనే అజర్‌బైజాన్ రైతు బొమ్మతో 1956లో తపాలా బిళ్ళ కూడా వేశారు. 1973లో చనిపోయిన షిరాలి ముస్లిమోవ్‌కు 168 ఏళ్ళన్నారు. పెరుగు, తేనె, కొండ గాలి కారణమన్నారు.

జోరెస్ మెద్వెదెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు దేశం విడిచి వెళ్ళాక, 1974లో ఈ లెక్కల గుట్టు విప్పాడు. ఆ పల్లెల్లో పాత జనన పత్రాలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం నుంచి తప్పించుకోవడానికి తండ్రి కాగితాలను తమవిగా చూపించినవారున్నారు. ముసలితనానికి గౌరవం ఉన్న సమాజం అది. పైగా జార్జియాలో పుట్టిన స్టాలిన్‌కు కాకసస్‌లో దీర్ఘాయువు ఉందంటే సంతోషంగా ఉండేది. ఇంకేం, ప్రతి అధికారీ ఒక్కొక్క ముసలాయనను వెతికి పట్టుకున్నాడు!

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశంలో విల్కబాంబ అనే కొండ ఊరికీ ఇలాంటి పేరే వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన 1944లో తనకు డెబ్బై అన్నాడు. నిజానికి 61. 1970 నాటికి ఆయన వయస్సు 121గా లోకానికి తెలిసింది. నిజానికి 87. 1970ల చివర ఇద్దరు పరిశోధకులు చర్చి రికార్డులు పట్టుకుని ఇంటింటి వంశవృక్షం వ్రాసి చూస్తే, ఆ ఊళ్ళో నూరు దాటినవారు ఒక్కరూ లేరు. అందరికంటె పెద్దవారికి 96.

వీరిని అబద్ధాలకోరులని నేననను. అరవై దాకా వయస్సు తగ్గించి చెప్పడం, ఎనభై దాటాక పెంచి చెప్పడం మనుషుల స్వభావం. మొదటిది సిగ్గు, రెండోది గౌరవం.

బ్రతికే ఉన్నట్టు కాగితం

రిజిస్టరు ఉన్నంతమాత్రాన సరిపోదని జపాను నేర్పింది. అక్కడ 1872 నుంచి దేశమంతటా కుటుంబ రిజిస్టర్లున్నాయి. 2010 జూలైలో టోక్యో నగరంలో అందరికంటె వృద్ధుడిగా లెక్కలో ఉన్న 111 ఏళ్ళ పెద్దాయనను అభినందించడానికి అధికారులు ఇంటికి వెళ్ళాలనుకుంటే, ఇంటివారు ఏవో సాకులు చెప్పసాగారు. చివరకు తలుపు తీస్తే కనిపించింది ఎండిపోయిన శవం. ఆయన పోయి అప్పటికే సుమారు ముప్పై ఏళ్ళు. ఆయన పేరున పింఛను మాత్రం వస్తూనే ఉంది. దేశమంతా వెతికితే, కుటుంబ రిజిస్టర్లలో బ్రతికి ఉన్నట్టున్న శతాధిక వృద్ధులలో 2,30,000 మందికి పైగా జాడ తెలియనివారని తేలింది. చాలావరకు అవి యుద్ధంలో పోయినవారివి, వలస వెళ్ళినవారివి, ఎవరూ కొట్టివేయని పేర్లు.

అదే దేశంలో టొకునొషిమ దీవికి చెందిన షిగెచియో ఇజుమి 1986లో పోయినప్పుడు 120 ఏళ్ళవాడని గిన్నిస్ పుస్తకం గుర్తించింది. తరవాత పరిశీలిస్తే, ఆ జనన పత్రం అదే పేరుతో చిన్నప్పుడే పోయిన అన్నగారిది కావచ్చునని అనుమానం వచ్చింది. ఆ రికార్డును ఇప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఏటా మనం ‘నేను బ్రతికే ఉన్నాను’ అని సర్టిఫికెట్టు ఇవ్వవలసి వచ్చినప్పుడు చిన్నబుచ్చుకుంటాం. 2014లో డిజిటల్ పద్ధతి వచ్చాక, అరిగిపోయిన వేలిముద్రను యంత్రం గుర్తించకపోతే ఇంకా కష్టం. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవారిని ఆదరంగా చూడమని మనం అడగవలసిందే. కాని ఆ కాగితం ఎందుకో మాత్రం టోక్యో కథ విన్నాక తెలుస్తుంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 80 నిండితే మూల పింఛనుపై 20 శాతం, నూరు నిండితే నూరు శాతం అదనంగా వస్తుంది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉన్నా సూత్రమొకటే. పుట్టిన తేదీ గట్టిగా ఉంటేనే ఆ హక్కు నిలబడేది.

జల్లెడలో నిలిచినవారు

ఇంత జల్లెడ పట్టాక నిలిచిన పేర్లలో మొదటిది ఫ్రాన్సు దేశం, ఆర్ల్ నగరానికి చెందిన జీన్ కాల్మెంట్ గారిది. 1875 ఫిబ్రవరి 21న పుట్టి, 1997 ఆగస్టు 4న, 122 ఏళ్ళ 164 రోజుల వయస్సులో మరణించింది. జనన రిజిస్టరు, చర్చి పుస్తకం, పెళ్ళి కాగితాలు, వరసగా జనాభా లెక్కలు అన్నీ దొరికాయి. 2018లో ఒక రష్యన్ పరిశోధకుడు, అసలు తల్లి 1934లోనే పోయిందనీ, కూతురే తల్లి పేరుతో బ్రతికిందనీ వాదించాడు. 2019లో ఫ్రెంచి నిపుణులు కాగితాలతో సమాధానమిచ్చారు. ఎక్కువమంది నేటికీ 122నే అంగీకరిస్తున్నారు.

ఆవిడ కథలో మనకు నచ్చే ఘట్టం ఒకటుంది. 1965లో, తొంభై ఏట, ఒక నోటరీతో ఆవిడ ఒప్పందం చేసుకుంది. ఆయన నెలనెలా 2,500 ఫ్రాంకులు ఇవ్వాలి, ఆవిడ తదనంతరం ఇల్లు ఆయనది. అప్పటికి ఆయనకు 47. తొంభై ఏళ్ళావిడ ఇంకెన్నాళ్ళుంటుంది అనుకున్నాడు కాబోలు. 1995లో ఆయనే ముందుగా పోయాడు. ఇంటి ధరకు రెట్టింపుకు పైగా చెల్లించినా ఆ ఇంట్లో అడుగుపెట్టలేదు. మిగతా కిస్తులు ఆయన భార్య కట్టింది.

పురుషులలో మొదటివాడు మనవంటి రిటైర్డు ఉద్యోగే. జపాను దేశపు జిరోయెమోన్ కిమురా 1897 ఏప్రిల్ 19న పుట్టి 2013 జూన్ 12న, 116 ఏళ్ళ 54 రోజులకు మరణించాడు. సుమారు నలభై ఏళ్ళు తపాలా శాఖలో పనిచేసి 1962లో, 65వ ఏట రిటైరయ్యాడు. తరవాత తొంభై దాకా పొలం పని చేశాడు. నూరు దాటాక కూడా భూతద్దంతో పత్రిక చదివేవాడు, టీవీలో పార్లమెంటు చర్చలు చూసేవాడు. మితంగా తింటే చాలాకాలం బ్రతకవచ్చని చెప్పేవాడు. ఉద్యోగం ముగిశాక ఆయనకు యాభై ఏళ్ళ జీవితం మిగిలింది. అంటే సర్వీసు కంటె విశ్రాంతి పెద్దది!

అయితే వీరి అలవాట్లను వరసగా పెట్టి చూస్తే తల తిరుగుతుంది. కాల్మెంట్ గారు నూరేళ్ళ దాకా సైకిలు తొక్కింది నిజమే, కాని నూట పదిహేను దాటేదాకా సిగరెట్టూ కాల్చింది, చాక్లెట్లు ఇష్టంగా తిన్నది. 2017లో 117వ ఏట పోయిన ఇటలీ దేశపు ఎమ్మా మొరానో ఏళ్ళ తరబడి రోజూ గుడ్లు, అందులో రెండు పచ్చివి తిన్నది. 2022లో 119వ ఏట పోయిన జపాను కానే తనకా చాక్లెట్టు, సోడా కలిసిన తీపి పానీయాలు ఇష్టపడేది. వీటినుంచి ఎవరైనా పథ్యం తయారుచేస్తే సిగరెట్టు, పచ్చిగుడ్డు, చాక్లెట్టు అని చీటీ వ్రాయాలి! లాటరీ తగిలినవాణ్ణి డబ్బు సంపాదించడమెలా అని అడిగినట్టుంటుంది. వాళ్ళ రక్తంలో, పుట్టుకలో ఏదో అదృష్టం ఉంది. అది సీసాలో పట్టి అమ్మేది కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. నాతో పనిచేసిన ఒక మిత్రుడు, హిమాలయ యోగుల ఆయుర్దాయ రహస్యమంటూ ఎవరో అమ్మిన పొడి నమ్మి, రక్తపోటు మాత్రలు మానేశాడు. నాలుగు నెలలకు పక్షవాతం వచ్చింది. ఆ తరవాత సంగతి చివర చెబుతాను.

మనిషిని కాదు, ఊరిని చూడాలి

ఒక్కొక్క మనిషిని అడిగితే రహస్యం దొరకదు. ఊరిని చూస్తే కొంత దొరుకుతుంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో, కొండ పల్లెల్లో నూరేళ్ళు దాటినవారు ఎక్కువగా ఉన్నారనీ, అందులో స్త్రీలతో దాదాపు సమానంగా పురుషులూ ఉన్నారనీ జాన్నీ పెస్, మిషెల్ పులాన్ అనే పరిశోధకులు 2004లో ప్రకటించారు. పటం మీద ఆ ఊళ్ళను నీలి సిరాతో గుర్తించడం వల్ల ‘నీలి మండలం’ అనే పేరు వచ్చింది. అక్కడి మగవారు గొర్రెల వెంట కొండలెక్కి దిగినవారు. వ్యాయామం కోసం నడవలేదు, బ్రతుకు కోసం నడిచారు.

జపానులో ఒకినావా దీవి ఇంకా ప్రసిద్ధం. డాక్టరు మకొతొ సుజుకి 1975 నుంచి అక్కడి శతాధిక వృద్ధులను పరీక్షిస్తూ వచ్చాడు. పాత తరంవారి ముఖ్యాహారం చిలగడదుంప. కడుపు పదింట ఎనిమిది వంతులు నిండగానే లేవాలనేది వారి నియమం. అర కడుపు అన్నానికి, పావు నీటికి, పావు గాలికి అని మన పెద్దలన్నదీ అదే. అక్కడ ‘మోయాయి’ అనే ఏర్పాటుంది. పదిమంది నెలనెలా కలుసుకుని తలా ఇంత వేసి, వంతులవారీగా ఒకరికిస్తారు. మన చీటీలే! అయితే అక్కడ డబ్బు ఒక సాకు, కలుసుకోవడం అసలు పని. ఒకరు రాకపోతే ఇంకొకరు ఇంటికి వెళ్ళి చూస్తారు.

ఇక్కడా రికార్డుల గొడవ ఉంది. 1945 యుద్ధంలో ఒకినావా రిజిస్టర్లు కాలిపోయాయి. ఇలాంటి ప్రాంతాల వయస్సులను నమ్మలేమని వాదించిన సాల్ న్యూమన్‌కు 2024లో ఇగ్నోబెల్ బహుమతి వచ్చింది. నీలి మండలాల పరిశోధకులు తాము ఒక్కొక్క వయస్సును సరిచూశామంటున్నారు. ఆ వాదం అలా ఉంచినా, ఒక సంగతి నాకు చాలా ముఖ్యమనిపించింది. జపాను 47 పాలనా ప్రాంతాల వరసలో ఒకినావా పురుషుల సగటు ఆయుర్దాయం 1985లో మొదటిది. 2000లో 26వది. 2020లో 43వది. అదే దీవి, అదే గాలి, అదే వంశం. మారిందేమిటి? 1972 దాకా సాగిన అమెరికా పాలనలో వేయించిన మాంసం, డబ్బా ఆహారం అలవాటయ్యాయి, కార్లు వచ్చాయి, నడక తగ్గింది. తాతలు నూరేళ్ళు చూస్తుంటే మనుమలు అరవైలోపే పోవడం మొదలైంది. ఆయుష్షు వారసత్వంగా వచ్చే ఆస్తి అనుకుంటే పొరపాటు. ప్రతి తరం మళ్ళీ సంపాదించుకోవాలి.

మనకు దక్కిన ఏళ్ళు

మన సంగతి చూడండి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుని సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడు సుమారు 70. ఈ రెట్టింపు ఏ మూలికతోనూ రాలేదు. మశూచి టీకాతో, మంచి నీళ్ళతో, కాన్పు ఆస్పత్రిలో జరగడంతో, బిడ్డలు బ్రతకడంతో, జబ్బుకు మందు దొరకడంతో వచ్చింది. అందులో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, ఆరియోమైసిన్ వచ్చాయి. లోకానికి ఇన్ని ఏళ్ళు పంచిన ఆయన 1948లో 53వ ఏట కన్నుమూశారు. ఎంతకాలం బ్రతికామన్నది ఒక లెక్క, ఎందరిని బ్రతికించామన్నది వేరొక లెక్క.

ఇక చివరి మాట. వయస్సు రుజువైన అత్యంత దీర్ఘాయుష్కుల పట్టికలో మొదటి పదిమందీ స్త్రీలే. కాల్మెంట్ గారి భర్త 1942లో పోయాడు. ఆవిడ అటుతరవాత 55 ఏళ్ళు జీవించింది. మన ఇళ్ళలోనూ ఎక్కువగా జరిగేది ఇదే. నేను చెప్పిన మిత్రుడు మంచాన పడి మాట పోయినప్పుడు, వారి శ్రీమతికి పింఛను ఏ బ్యాంకులో పడుతుందో తెలియదు. పి.పి.ఓ. ఎక్కడుందో తెలియదు. చెక్కు మీద సంతకం ఎన్నడూ చేయలేదు. ఆయన పోయాక ఆ తల్లి ఫ్యామిలీ పెన్షను కోసం, సర్వీసు రికార్డులో ఒకలాగ, ఆధార్‌లో ఒకలాగ ఉన్న తన పేరును సరిచేయించుకోవడానికి పదకొండు నెలలు తిరిగింది. సంఘం తరఫున నేనూ వెంట వెళ్ళాను గనుక నాకు తెలుసు.

కనుక సభ్యులకు నా మనవి. మితంగా తినండి, నడవండి, డాక్టరు వ్రాసిన మాత్రలు మానకండి, నెలనెలా సమావేశానికి రండి. రానివారి ఇంటికి వెళ్ళి తలుపు తట్టండి. దానితోబాటు ఈ వారమే బీరువా తీసి, పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, నామినేషన్ కాగితాలు ఇంటావిడ ముందు పెట్టి, ఒక్కొక్కటీ ఏమిటో చెప్పండి. పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకేలాగ ఉన్నాయేమో ఆవిడచేతే చదివించండి. బ్యాంకుకు ఒకసారి వెంట తీసుకువెళ్ళండి. మనకంటె ఎక్కువకాలం ఉండబోయేది బహుశా ఆవిడే. ఆ ఏళ్ళు గౌరవంగా గడిచేటట్టు చూడటం మన చేతిలో ఉన్న పని.